స్కూల్ నడుస్తుండగా తమ్ముడి పెళ్లికి ఇండియా: సెలవు అడగాలా, జ్వరం అని చెప్పాలా?

గోదారి ఆడపడుచు (రీడింగ్, ఇంగ్లండ్)

అందరికీ నమస్తే. మా తమ్ముడి పెళ్లి కుదిరింది. మాది రాజమండ్రి, అమ్మాయి వాళ్లది తణుకు. శుక్ర మౌఢ్యం వెళ్లాక ముహూర్తాలు చూస్తే ఫాల్గుణంలో, మార్చి మొదటి వారం బుధవారం రాత్రికి కుదిరింది. ఇక్కడ ఫిబ్రవరి హాఫ్ టర్మ్ (టర్మ్ మధ్యలో ఇచ్చే సెలవులు) అప్పటికే అయిపోతుంది, ఈస్టర్ సెలవులు ఇంకా మొదలుకావు. సరిగ్గా మధ్యలో పడింది.

బాబు ఇయర్ ఫోర్. పాప రిసెప్షన్ క్లాసు (ఇయర్ వన్‌కి ముందుది), మార్చి 20కి ఐదేళ్లు నిండుతాయి. శుక్రవారం బడి వదలగానే హీత్రోకి వెళ్లి విమానం ఎక్కి, ఆ పై ఆదివారానికి తిరిగొచ్చేస్తే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజులు పోతాయి. అంతకన్నా తగ్గించలేకపోతున్నాను. సోమవారం తమ్ముణ్ని పెళ్లికొడుకుని చేస్తారు, తోడు పెళ్లికొడుకు మా వాడే. వాడి కుర్తా కొలతలు మా అమ్మ వీడియో కాల్‌లో టైలర్‌కి ఇప్పించింది. నేను టేపు పెట్టి భుజాలు కొలుస్తుంటే ఆయన అటునుంచి "ఓ అంగుళం వదులు పెడతానమ్మా, వచ్చేసరికి పెరుగుతాడు" అన్నాడు. గురువారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ఇంటికి ఒక్కతే ఆడపడుచుని, నేను లేకుండా జరిగే పనులు కావవి. పిల్లల్ని వదిలి నువ్వొక్కదానివే వెళ్లిరా అంటున్నారు మావారు. మేనమామ పెళ్లి పిల్లలు ఫోన్‌లో చూడటానికి నా మనసు ఒప్పుకోవట్లేదు.

స్కూల్లో అడిగితే కాదంటారని, ఒకసారి అడిగాక జ్వరమని చెప్పే దారి కూడా మూసుకుపోతుందని మా వాట్సాప్ గ్రూప్‌లో అంటున్నారు. అనుమతి లేకుండా బడి మాన్పిస్తే ఫైన్ 80 పౌండ్లట, తల్లికీ తండ్రికీ విడివిడిగా, ఒక్కో పిల్లకి. మాకు మొత్తం 320 అవుతుంది. అది కట్టుకోగలం. నా టెన్షన్ వేరే. వచ్చే ఏడాది ఐఎల్ఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చేయాలి. ఈ ఫైన్ మా రికార్డులో పడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మిల్టన్ కీన్స్ నాన్న

మేడమ్, అడక్కండి. సోమవారం పొద్దున వాంతులవుతున్నాయని ఫోన్ చేయండి. వాంతులు తగ్గాక 48 గంటలు పిల్లల్ని పంపొద్దనేది వాళ్ల రూలే. ఆ తర్వాత జ్వరం అనండి. వారం గడిచిపోతుంది.

నాకు ఈ ఫైన్ రూలే న్యాయంగా అనిపించదు. ఆగస్టులో నలుగురికి హైదరాబాద్ టికెట్లు కొనాలంటే మార్చి రేటు మీద ఎంత తేడా ఉంటుందో ఇక్కడున్న అందరికీ తెలుసు. డబ్బున్నవాళ్లు ఫైన్ పారేసి వెళ్తారు, మనలాంటివాళ్లం అమ్మానాన్నల్ని చూడ్డానికి లెక్కలు వేసుకుంటాం. ఐల్ ఆఫ్ వైట్‌లో జాన్ ప్లాట్ అనే ఆయన కూతుర్ని బడి మాన్పించి ఫ్లోరిడా తీసుకెళ్లి, ఫైన్ కట్టనని కోర్టుకెళ్లి గెలిచాడు కూడా.

రిజిస్టర్ అక్క (ఈస్ట్ లండన్)

చెల్లెమ్మా, నేనొక ప్రైమరీ స్కూల్ ఆఫీసులో పనిచేస్తాను. పొద్దున రిజిస్టర్లు వచ్చాక రాని పిల్లల ఇళ్లకు ఫోన్లు చేసేది నేనే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మిల్టన్ కీన్స్ సోదరుడికి. ప్లాట్ గారు కింది కోర్టులో, హైకోర్టులో గెలిచిన మాట నిజమే. కానీ 2017 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఆ తీర్పుల్ని తప్పుపట్టింది. పిల్లలు క్రమం తప్పకుండా రావడమంటే స్కూల్ పెట్టిన నియమాల ప్రకారం రావడమేనని తేల్చేసింది. మిగతా ఏడాదంతా బాగానే వచ్చింది కదా అనే వాదన అక్కడితో పోయింది. టికెట్ల రేట్ల గురించి మీరన్నదానికి మాత్రం నేను కాదనను. మా ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి ఆ మాటే చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లుల్ని చూశాను.

కానీ వాంతులని చెప్పించకండి. ఎందుకంటే ఆ అబద్ధం మోయాల్సింది మీరు కాదు, పిల్లలు. కడుపులో బాగాలేదని వారం రోజులు ఫోన్లు వచ్చిన ఒక పాప సోమవారం బడికొచ్చింది. రెండు అరచేతులూ గోరింటాకు పండి ఎర్రగా మెరుస్తున్నాయి. క్లాసులో కార్పెట్ మీద అందరూ గుండ్రంగా కూర్చున్నప్పుడు ఆ పాప స్వెటర్ చేతులు వేళ్ల చివరిదాకా లాక్కుని పట్టుకుందట. టీచర్ ఏమీ అడగలేదు. పిన్ని పెళ్లి ముచ్చట్లు క్లాసంతటికీ చెప్పుకోవాల్సిన పిల్ల చేతులు దాచుకుని కూర్చుంది. ఇంటికి ఫోన్ చేసి ఎన్ని మాటలు విన్నా నాకేమీ అనిపించలేదు గానీ, ఇది విన్నప్పుడు మాత్రం చాలా బాధ కలిగింది. మీ బాబు తొమ్మిదేళ్లవాడు. తోడు పెళ్లికొడుకుగా పీటల మీద కూర్చుని వచ్చి నోరు మూసుకో అంటే ఎలా?

ఇంకో సంగతి. పిల్లలు రాకపోయి, ఇంట్లో ఎవరూ ఫోన్ ఎత్తకపోతే మేము అక్కడితో వదిలేయం. మీరిచ్చిన మిగతా నంబర్లకు చేస్తాం, ఎవరూ దొరక్కపోతే స్కూల్ నుంచి మనిషి ఇంటికి వెళ్లి తలుపు కొట్టొచ్చు. పిల్లలు క్షేమమా కాదా అన్న భయం అది.

ఇప్పుడు లెక్క. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్ అంతటికీ ఒకటే పద్ధతి. బడి రోజును పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చొప్పున రెండు సెషన్లుగా లెక్కేస్తారు. పది బడి వారాల్లో, అనుమతి లేని గైర్హాజరు పది సెషన్లకు చేరితే ఫైన్ వేయాలా వద్దా అని స్కూల్ ఆలోచించాల్సిందే. పది సెషన్లంటే మీ ఐదు రోజులే, సరిగ్గా గీత మీద ఉన్నారు. రిజిస్టర్ మూసేశాక ఆలస్యంగా దింపిన పూటలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, చాలామందికి ఆ సంగతి తెలియదు. ఫైన్ 21 రోజుల్లో కడితే 80, ఆ తర్వాత 28వ రోజు దాకా 160. అదే పిల్లకి మూడేళ్లలో రెండోసారి అయితే మొదటినుంచే 160. మూడోసారి ఫైన్ ఉండదు, కోర్టుకే పంపొచ్చు, అక్కడ 2,500 పౌండ్ల దాకా పడొచ్చు. ఆ డబ్బు స్థానిక కౌన్సిల్‌కి వెళ్తుంది, స్కూల్‌కి ఒక్క పెన్నీ రాదు. దీనిమీద అప్పీల్ కూడా ఉండదు.

మీ విషయంలో 320 కాదు. పాపకి మార్చి 20న ఐదేళ్లు నిండినా, చట్టప్రకారం తప్పనిసరిగా బడికి రావాల్సిన వయసు మార్చి 31 తర్వాతి టర్మ్ నుంచే మొదలవుతుంది. కాబట్టి పెళ్లి వారానికి పాపమీద ఫైన్ ఉండదు. అయినా సెలవు ఇద్దరికీ అడగండి, రిజిస్టర్‌లో ఎలాగూ రాయాలి. ఎంత చెడ్డా బాబుకి మీ ఇద్దరి తరఫున 160 పౌండ్లు.

2013లో రూల్ మారకముందు కుటుంబంతో సెలవులకు వెళ్తామంటే హెడ్ టీచర్ ఏడాదికి పది రోజుల దాకా ఇవ్వగలిగేవారు. ఇప్పుడు అసాధారణమైన కారణం ఉంటేనే ఇవ్వాలి. పెళ్లి ఆ కిందికి వస్తుందా అంటే ఎక్కడా రాసి లేదు, హెడ్ టీచర్ నిర్ణయం. కొందరు పెళ్లి రోజు ఒక్కటే ఇస్తారు, కొందరు ప్రయాణానికి కూడా కలిపిస్తారు, కొందరు అసలివ్వరు. మీ చేతిలో ఉన్నది ఉత్తరమే. బాగా రాయండి.

ఫారంలో "ఫ్యామిలీ హాలిడే" అని రాయకండి, ఎందుకంటే ఇది హాలిడే కాదు. తోడబుట్టిన తమ్ముడి పెళ్లి అని, ముహూర్తం పంచాంగం చూసి పెద్దలు పెట్టారని, మీ చేతుల్లో లేదని రాయండి. ఏ రోజు ఏ తంతు, అందులో బాబు ఏం చేస్తాడో రోజువారీగా రాయండి. ఇంగ్లిష్ వాళ్లకు పెళ్లంటే ఒక మధ్యాహ్నం. సోమవారం నుంచి గురువారం దాకా ఎందుకు ఉండాలో మీరు చెప్తేనే వాళ్లకు అర్థమవుతుంది. శుభలేఖ ఒకటి జత చేయండి, తెలుగులో ఉన్నా సరే, కింద రెండు లైన్లు ఇంగ్లిష్‌లో రాయండి. తిరిగి బడికొచ్చే తేదీ స్పష్టంగా వేయండి. మతపరమైన సెలవు కింద అడగమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది పండగల్లాంటి రోజులకే వర్తిస్తుంది. టికెట్లు కొనేశామని మాత్రం రాయకండి, అడగక ముందే కొనొద్దు కూడా. కొనేసి అడిగితే అది అడగడం కాదు, చెప్పడం. హెడ్ టీచర్లకు అదొక్కటే కష్టంగా ఉంటుంది.

వాళ్లు ఒక్క రోజు ఇచ్చినా మిగిలేవి ఎనిమిది సెషన్లు, పదికి తక్కువే. కాకపోతే గత పది వారాల్లో అనుమతి లేని పూటలేవైనా ఉన్నాయేమో ఆఫీసులో బాబు అటెండెన్స్ ప్రింట్ అడిగి చూసుకోండి. పదికి తక్కువైనా అరుదుగా ఫైన్ వేసే అధికారం కౌన్సిల్‌కి ఉంటుంది.

ఐఎల్ఆర్ సంగతి. గడువులోపల కట్టేస్తే అది నేరం కింద రికార్డు కాదు. కట్టకుండా వదిలేస్తేనే కేసుగా కోర్టుకు వెళ్తుంది, అప్పుడు శిక్ష పడితే అది నేర రికార్డే. కాబట్టి వస్తే వెంటనే కట్టి, రసీదు దాచుకోండి. అప్లికేషన్ నింపేటప్పుడు సొలిసిటర్‌కి ఈ మాట చెప్పండి.

చదువు గురించి కూడా ఒక మాట. ఇయర్ ఫోర్ పిల్లలకు జూన్‌లో ఎక్కాల పరీక్ష ఉంటుంది, 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఆరు సెకన్లు. ఆ వారం ఏ పాఠం నడుస్తుందో టీచర్‌ని అడిగి తీసుకెళ్లండి. తాతగారి దగ్గర కూర్చోబెడితే పన్నెండో ఎక్కం దాకా ఆయనే చెప్పించేస్తారు.

గ్లాస్గో మావయ్య

మా స్కాట్లాండ్‌లో ఈ ఫైన్ లేదు. వేల్స్‌లో ఉంది గానీ హెడ్ టీచర్ తలుచుకుంటే పది రోజుల దాకా ఇవ్వచ్చని కార్డిఫ్‌లో ఉన్న మా వదిన చెప్పింది. ఫైన్ లేదని మేమిక్కడ ఎప్పుడంటే అప్పుడు వెళ్లం. మా అమ్మాయి భిన్నాలు మొదలుపెట్టిన వారమే ఇండియా వెళ్లి, తిరిగొచ్చాక చాలా రోజులు వెనకబడింది. అక్క చెప్పినట్టు టీచర్‌ని ముందే అడగండి.

కాకినాడ అమ్మమ్మ

అమ్మా, మా మనవలు కూడా అక్కడే ఉన్నారు. పెద్దవాళ్లకు ఒక మాట చెప్పాలనిపించింది. వాళ్లకు సెలవులిచ్చేది క్రిస్మస్‌కి, అప్పుడు మనకు ధనుర్మాసం. జూలై ఆఖర్లో ఇస్తారు, అప్పుడు ఎక్కువగా ఆషాఢం. మిగిలింది ఈస్టర్, లేదా ఆగస్టులో శ్రావణం. మా చిన్నవాడి పెళ్లికి పంతులుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు మనవల స్కూల్ సెలవుల కాగితం కూడా పట్టుకెళ్లాం. ఆయన విసుక్కోకుండా శ్రావణంలో మూడు ముహూర్తాలు రాసిచ్చారు. అందరూ వచ్చారు. మీ తమ్ముడి పెళ్లి కుదిరిపోయింది కాబట్టి ఇప్పుడు మార్చమని అనను. ఆడపిల్ల అవతలి దేశంలో ఉందంటే ముహూర్తం పెట్టకముందే ఒక్క ఫోన్ చేసి అడగాలి, అది మా పెద్దవాళ్లు చేయాల్సిన పని.

మిల్టన్ కీన్స్ నాన్న

అక్కా, సుప్రీం కోర్టు సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు థ్యాంక్స్. రూల్ మీద నా అభిప్రాయం మారలేదు. తల్లిదండ్రుల్ని చూడటానికి ఏడాదికి ఓ ఐదు రోజులు, వేరే దేశంలో కుటుంబం ఉన్నవాళ్లకి ఇవ్వాలి. మా ఎంపీకి ఉత్తరం రాస్తాను. అయితే గోరింటాకు పాప గురించి చదివాక వాంతులని చెప్పమన్న సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

గోదారి ఆడపడుచు (రీడింగ్, ఇంగ్లండ్)

అక్కా, మీకు ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే. రాత్రి కూర్చుని ఉత్తరం రాశాను. సోమవారం పెళ్లికొడుకుని చేయడం, బుధవారం పెళ్లి, గురువారం వ్రతం, ఒక్కో రోజుకి రెండేసి లైన్లు. తోడు పెళ్లికొడుకు అంటే ఏమిటో బాబే ఇంగ్లిష్‌లో సొంతంగా ఒక పేరా రాసి జత చేయమన్నాడు. పొద్దున ఆఫీసులో ఇచ్చాను. హెడ్ టీచర్ ఇంకా జవాబివ్వలేదు గానీ, గురువారం వచ్చి మాట్లాడమన్నారు. అటెండెన్స్ ప్రింట్ కూడా తీసుకున్నాను, అనుమతి లేని పూటలు లేవు. దగ్గుతో మానేసినవి అనారోగ్యం కిందే ఉన్నాయి.

ఎన్ని రోజులిచ్చినా పిల్లలతోనే వెళ్తున్నాం, ఫైన్ వస్తే కట్టేద్దామని మావారు కూడా ఒప్పుకున్నారు. టికెట్లు మాత్రం గురువారం మాట్లాడాకే తీస్తాను. కాకినాడ అమ్మమ్మగారూ, మీ మాట మా అమ్మకి చదివి వినిపించాను. మా పిన్ని కూతురు పెళ్లి వయసుకొచ్చింది, వాళ్లింటికి అమ్మ మా స్కూల్ సెలవుల కాగితం ఈరోజే వాట్సాప్‌లో పంపింది.