అప్‌డేట్: దుబాయ్‌కి పంపిన తువ్వాళ్లపై 5 శాతం సుంకం ఎందుకు పడిందో తెలిసింది

సుంకం రాయితీ ఇచ్చే భారత్–యూఏఈ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమలులో ఉన్నప్పటికీ, మా చేనేత నూలు తువ్వాళ్లపై దుబాయ్‌లోని కొనుగోలుదారు 5 శాతం సుంకం ఎందుకు కట్టవలసి వచ్చిందని లోగడ అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

కస్టమ్స్ బ్రోకర్ పాత కాగితాలు చూడగానే లోపం బయటపడింది. మేము జతచేసినది నాన్-ప్రిఫరెన్షియల్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్. అది సరుకు భారతదేశంలో తయారైందని మాత్రమే చెబుతుంది. సుంకం రాయితీ కావాలంటే ఆ ఒప్పందం కిందే జారీ అయ్యే ప్రిఫరెన్షియల్ సర్టిఫికెట్ ఉండాలి. పేర్లు దాదాపు ఒకటే కావడంతో, ఫీజు కట్టి తెచ్చుకున్నది సరైనదేనని నమ్మాము.

ఈసారి నూలు ఎక్కడ కొన్నదీ, నేత ఎక్కడ జరిగిందీ తెలిపే వివరాలతో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) పోర్టల్‌లో దరఖాస్తు చేశాము. సరుకు ఏ రకమో కస్టమ్స్‌కు తెలిపే హెచ్‌ఎస్ కోడ్‌ను సరిచూడమని మీలో కొందరిచ్చిన సలహా ఇక్కడే అక్కరకు వచ్చింది: ఇన్‌వాయిస్‌లోనూ సర్టిఫికెట్‌లోనూ 6302.91 అనే ఒకే కోడ్ ఉండేలా చూశాము. గత వారం సరుకు సుంకం లేకుండా విడుదలైంది.

ఐఈసీ (ఎగుమతి–దిగుమతి కోడ్) అప్‌డేట్, జీఎస్‌టీ ఎల్‌యూటీ (పన్ను ముందుగా కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం) గురించిన సూచనలకు ఈ సమస్యతో సంబంధం లేదని తేలింది. అవి ఇక్కడి నుంచి సరుకు పంపడానికి సంబంధించినవే గాని, అక్కడి సుంకాన్ని నిర్ణయించవు. మొదటి సరుకుపై పడిన భారాన్ని మాత్రం కొనుగోలుదారుకు ధరలో మేమే తగ్గించి ఇచ్చాము.