కాటా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఒకే చోట బిల్డ్ చేసి, భద్రపరచి, అన్ని మిల్లులకూ చేర్చడం ఎలా?

ప్రశ్న: తుంగభద్ర తీరం, కర్నూలు

నమస్కారం. మేము ముగ్గురం కర్నూలులో ఉంటూ ఆదోని, ఎమ్మిగనూరు వైపున్న జిన్నింగు మిల్లుల ధర్మకాటాలకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. పత్తి లారీ లోడుతో వచ్చినప్పుడు ఒకసారి, సరుకు దించి ఖాళీగా వెళ్లేటప్పుడు ఇంకోసారి తూకం తీసుకుని, తేడాను చీటీ మీద ముద్రించడం దాని పని. కాటా గదుల్లోని కంప్యూటర్లలో డెబియన్ 12 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. పైథాన్‌లో రాసిన ప్రోగ్రామును మాలో ఎవరో ఒకరు తమ ల్యాప్‌టాప్‌లో డెబ్ ప్యాకేజీగా (డెబియన్‌లో ఇన్‌స్టాల్ చేసే ఫైలుగా) బిల్డ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, బస్సెక్కి వెళ్లి ఒక్కో మిల్లులో ఇన్‌స్టాల్ చేసి వస్తాం. మొత్తం ఇరవై రెండు మిల్లులు.

గత సీజనులో ఒక రైతు, ఒక మిల్లులో ధర కుదరక లోడు దించకుండానే ఇంకో మిల్లుకు వెళ్లి, అక్కడ మళ్లీ తూకం వేయించి, రెండు చీటీలూ మా ముందు పెట్టాడు. ఒకదానిలో 8,430 కిలోలు, రెండోదానిలో 8,425 కిలోలు. రెండు కంప్యూటర్లలోనూ మా వెర్షన్ 2.4.1 అనే చూపిస్తోంది. ప్యాకేజీ ఫైళ్లకు షా-256 (ఫైలులోని సరుకును బట్టి వచ్చే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి చూస్తే అవి రెండూ ఒకటి కావు. ఐదు కిలోలకు సర్దే మార్పును మా సహచరుడు గిట్‌లో (కోడు మార్పుల చరిత్రను దాచే చోట) చేర్చకముందే ఇంకొకరు పాత కోడుతో, అదే నంబరుతో, వేరే ప్యాకేజీ తయారు చేశారని రెండు రోజులు వెతికితే గానీ తెలియలేదు. ఐదు కిలోలే కావచ్చు, కానీ ఆ చీటీని నమ్మే రైతు డబ్బు తీసుకుంటాడు.

ఈ పని మనిషి చేతి మీద ఆధారపడకుండా జరగాలంటే బిల్డ్ ఎక్కడ చేయాలి, తయారైన ప్యాకేజీలను ఎక్కడ, ఎలా ఉంచాలి, మిల్లులకు ఏ దారిన పంపాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: వేరుశనగ చేను, అనంతపురం

తుంగభద్ర తీరం గారికి, మీ కష్టానికి మూలం ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేయడమే. డెబియన్ వాళ్లు కూడా ఈ విషయంలో గట్టి నిర్ణయమే తీసుకున్నారు: నిర్వాహకులు తమ సొంత కంప్యూటర్లలో బిల్డ్ చేసి పంపిన ప్యాకేజీలు టెస్టింగ్ విభాగంలోకి (తదుపరి విడుదలకు సిద్ధమయ్యే భాగంలోకి) రాకూడదని, తమ బిల్డ్ సర్వర్లలో తయారైనవే రావాలని 2019లో ప్రకటించారు. మీరు ముగ్గురే అయినా అదే నియమం పెట్టుకోండి. గిట్‌లో వెర్షన్ ట్యాగ్ పెట్టడం ఒక్కటే మీ చేతి పనిగా మిగలాలి. ఆ ట్యాగ్‌ను చూసి సర్వర్ ఎస్‌బిల్డ్‌ను (డెబియన్ ప్యాకేజీలు తయారుచేసే ప్రోగ్రామును) నడపాలి. ఎస్‌బిల్డ్ ప్రతిసారీ ఖాళీ వాతావరణంలో మొదలుపెట్టి, మీరు బిల్డ్-డిపెండ్స్‌లో (బిల్డ్‌కు కావలసినవాటి జాబితాలో) రాసిన ప్యాకేజీలనూ, డెబియన్ బిల్డ్‌కు కనీసం కావలసినవాటినీ మాత్రమే అందులో పెడుతుంది కాబట్టి, ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీ వల్ల "నా దగ్గర పనిచేస్తోంది" అనే మాట వినబడదు. ట్యాగ్‌లోని నంబరూ, చేంజ్‌లాగ్‌లోని (మార్పుల చిట్టాలోని) నంబరూ సరిపోలకపోతే బిల్డ్ అక్కడే ఆగిపోయేలా రెండు లైన్ల తనిఖీ కూడా పెట్టండి.

భద్రపరచడానికి నేను ఆప్ట్‌లీ అనే ప్రోగ్రాం వాడుతున్నాను, రిపాజిటరీని (ప్యాకేజీల భండారాన్ని) నిర్వహించడం దాని పని. పేరూ, వెర్షనూ ఒకటే అయి లోపలి సరుకు వేరైన ప్యాకేజీని ఇస్తే, మనం బలవంతం చేయనంతవరకూ అది తీసుకోదు. మీ 2.4.1 గొడవ ఆ గడప దగ్గరే ఆగిపోయి ఉండేది. పైథాన్ ప్యాకేజీల భండారమైన పైపీఐ కూడా ఒకసారి ఎక్కించిన ఫైలును మనమే తొలగించినా, అదే పేరుతో మళ్లీ ఎక్కించనివ్వదు. ఒక నంబరు బయటికి వెళ్లిందంటే ఇక దానిలో మార్పు ఉండకూడదు. అక్షరం దిద్దినా కొత్త నంబరే ఇవ్వాలి. పరీక్షకు పంపేవాటికి 2.4.2~rc1 అని పెట్టండి (ఆర్‌సీ అంటే అసలు విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చేది). టిల్డే గుర్తు ఉన్న వెర్షన్‌ను డెబియన్ అసలు 2.4.2 కన్నా ముందుదిగా లెక్కిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. పరీక్షలో నెగ్గిన ప్యాకేజీని స్టేబుల్‌లోకి (అన్ని మిల్లులకూ వెళ్లే విభాగంలోకి) మార్చేటప్పుడు మళ్లీ బిల్డ్ చేయకండి. చివరి ఆర్‌సీ తరువాత 2.4.2 ను ఒక్కసారి బిల్డ్ చేసి, ఒకటి రెండు మిల్లుల్లో వారం నడిపించి, అదే ఫైలును స్నాప్‌షాట్‌గా (ఉన్నది ఉన్నట్టు, మార్పు లేకుండా) స్టేబుల్‌కు మార్చండి. పరీక్షించిన ఫైలు, రైతు చీటీని ముద్రించే ఫైలు ఒకటే అని అప్పుడే ధైర్యంగా చెప్పగలరు.

జవాబు: నల్లబండ, కడప

పైవారు చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను, కాకపోతే సంతకం తాళం (డిజిటల్ సంతకం చేసే రహస్య కీ) గురించి కూడా చెప్పాలి. ఏపీటీ (డెబియన్‌లో ప్యాకేజీలను దించి ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం) మామూలుగా ఒక్కో డెబ్ ఫైలు మీద సంతకాన్ని చూడదు. రిపాజిటరీ సారాంశం ఉండే రిలీజ్ ఫైలు మీద సంతకం సరిచూసి, అందులోని షా-256 తో ప్యాకేజీల పట్టికను, ఆ పట్టికలోని షా-256 తో డెబ్‌ను సరిచూస్తుంది. అంటే మొత్తం నమ్మకం ఆ ఒక్క జీపీజీ (సంతకాలు చేసే ప్రోగ్రాం) తాళం మీద నిలబడి ఉంటుంది. బిల్డ్ సర్వర్ మీద బయటి నుంచి తెచ్చుకున్న కోడు కూడా నడుస్తుంది కనుక తాళాన్ని అక్కడ ఉంచకండి. ప్రచురించే యంత్రం వేరుగా ఉండాలి. టెస్టింగ్‌కు ఆటోమేటిక్‌గా పంపినా, స్టేబుల్‌కు మార్చే పని మాత్రం ఒక మనిషి చూసి చేయాలి.

సోర్సును కూడా గిట్ నుంచే తీసుకోండి. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే ప్రోగ్రాం) ఉదంతంలో 5.6.0, 5.6.1 విడుదలల టార్‌బాల్‌లోని (సోర్సు కోడు మూటలోని) బిల్డ్ స్క్రిప్టులో గిట్‌లో లేని లైన్లు ఉండేవి, దొంగదారిని తెరిచినవి అవే. చేత్తో తయారుచేసిన మూట మధ్యలో వస్తే ఈ ప్రమాదం ఉంటుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి పాలిషింగ్ యూనిట్లకు మేము బిల్లింగ్ ప్రోగ్రాం ఇస్తున్నాం. తాళం గడువు ముగిసిన రోజు పదిహేడు యూనిట్లలో ఒక్కదానికీ అప్‌డేట్ అందలేదు. కొత్త తాళం పంపుదామంటే దాన్ని నమ్మించే దారి కూడా పాత తాళంతోనే మూసుకుపోయింది. నాలుగు రోజులు బండి మీద తిరిగి ఒక్కోచోట చేత్తో వేసి వచ్చాను. ఇప్పుడు తాళాన్నే ఒక కీరింగ్ ప్యాకేజీగా (తాళాన్ని మోసుకెళ్లే ప్యాకేజీగా) చేసి, గడువుకు ఆరు నెలల ముందే పంపుతున్నాం.

తుంగభద్ర తీరం, కర్నూలు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. ఇప్పటికే బయట ఉన్న రెండు రకాల 2.4.1 లను ఏం చేయాలి? పైగా ఆరు మిల్లుల్లో ఇంటర్నెట్ లేదు, మిగతా చోట్ల గుమాస్తా ఫోన్ హాట్‌స్పాటే దిక్కు.

జవాబు: వేరుశనగ చేను, అనంతపురం

ఏ మిల్లులో ఏ 2.4.1 ఉందని వెతకకండి. కొత్త సర్వర్‌లో 2.4.2 ను బిల్డ్ చేసి ఇరవై రెండింటికీ అదే పంపండి. హాట్‌స్పాట్ మధ్యలో తెగినా ఏపీటీ సాధారణంగా ఆగినచోటు నుంచే దించుకుంటుంది. అయితే లారీ కాటా మీద ఉండగా ప్రోగ్రాం మారకూడదు కాబట్టి, రాత్రి డౌన్‌లోడ్ మాత్రమే జరిగి, పొద్దున గేటు తీయకముందు ఇన్‌స్టాల్ అయ్యేలా టైమర్ పెట్టండి. ఇంటర్నెట్ లేని ఆరింటికి పెన్‌డ్రైవ్ వాడవచ్చు, కానీ విడి డెబ్ ఫైలును కాకుండా ప్రచురించిన రిపాజిటరీ మొత్తాన్ని అందులో కాపీ చేసి, ఏపీటీ వెతికే చోట్లు రాసి ఉండే సోర్సెస్ జాబితాలో ఆ ఫోల్డరు దారిని ఇవ్వండి. అప్పుడు బస్సులో వచ్చిన ప్యాకేజీకి కూడా ఏపీటీ సంతకాన్ని సరిచూస్తుంది.