బొంతల ఫొటోల్లో చేతి కుట్లు కనిపించాలంటే ఎలా తీయాలి?

మా అత్తయ్య పాత నేత చీరలతో బొంతలు కుడతారు. అమ్మకానికి పెడదామని ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాను. అందమంతా ఆ కుట్టులోనే ఉందండీ: దారం లాగిన చోటల్లా బట్ట కాస్త లోపలికి పోయి, పక్కన సన్నగా ఉబ్బుతుంది. ఫొటోలో మాత్రం చదునుగా, ప్రింటు దుప్పటిలా వస్తోంది. ఫ్లాష్ వేస్తే మరీ ఘోరం. పొద్దున పూట కిటికీ పక్కన, వెలుగు ఏటవాలుగా పడేలా పెడితే కుట్లు బాగా తేలుతున్నాయి కానీ, అవతలి సగం చీకటైపోతోంది. అటువైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడితే సరిపోతుందా? డబుల్ కాట్ బొంతకి ఎంత పెద్దది కావాలి?

ఇక రంగులు. ముదురు ఎరుపు అంచు ఫోన్‌లో మండిపోతోంది, నేత అసలు తెలియడం లేదు. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే పక్కనున్న నీలం నల్లబడుతోంది. కొన్నవాళ్ళు "రంగు ఇది కాదు" అని తిప్పి పంపితే ఆ ఖర్చు మాదే, అదో టెన్షన్. వైట్ బ్యాలెన్స్ (వెలుగు వల్ల మారిన రంగుల్ని అసలు రంగులకి సరిచేయడం) కోసం గ్రే కార్డు, అదే ఆ బూడిద రంగు అట్ట, కొంటే నిజంగా పనికొస్తుందా, దండగా?

మొత్తం బొంత ఒకే ఫొటోలో రావాలని దండేనికి వేలాడదీస్తే మధ్యలో జారి మూలలు వంకరపోతున్నాయి. వెనక పైఅంచుకి గుడ్డ గొట్టంలా కుట్టి కర్ర దూర్చమన్నారు ఒకరు. అమ్మే బొంతకి అలా కుట్టడానికి అత్తయ్య ఒప్పుకోరు. వేరే దారేమైనా ఉందా? కొత్త కెమెరా కొనమని మాత్రం చెప్పకండి, ప్లీజ్.