మోడల్ ట్రైమరాన్‌కు ఫాయిల్స్ పెట్టడం దండగా? తాడు కట్టి లాగి కొలిస్తే విషయం తేలుతుందా?

గాలివాటం (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. ఈ గొడవ మా చెరువు గట్టు మీద ఎలాగూ తేలట్లేదని ఇక్కడికి తెచ్చాను. నాది మినీ40 ట్రైమరాన్, అంటే మధ్యలో ఒక హల్ (పడవ శరీరం), పక్కలకి రెండు చిన్న హల్స్ (ఫ్లోట్లు) ఉన్న పడవ. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా: ఒకటికి మించి హల్స్ ఉండి రిమోట్‌తో నడిచే తెరచాప పడవల్లో మినీ40 ఒక క్లాస్. పొడవైనా వెడల్పైనా 1.22 మీటర్లు దాటకూడదు. తెరచాప సుమారు 0.9 చదరపు మీటర్లు. నా పడవ బరువు 4.5 కిలోలు.

ఆషాఢం గాలి మొదలైతే దీనికి ఒకటే జబ్బు. గాలి వెనక నుంచి ఒక్క ఊపు ఊపగానే ఫ్లోట్ ముక్కు నీళ్లలోకి దిగుతుంది, వెనక లేస్తుంది, పల్టీ. కీల్ (పడవ అడుగున నిలువుగా దిగే రెక్క) కింద సీసం ఉన్న మామూలు మోడల్ అయితే దానంతట అదే లేస్తుంది. ట్రైమరాన్ ఒకసారి తిరగబడిందంటే అంతే, పెడల్ బోటు అద్దెకు తీసుకుని వెళ్లి తెచ్చుకోవాలి. పోయిన సీజన్‌లో ఆ పెడల్ బోటు అబ్బాయికి నేను ఇచ్చిన డబ్బుతో ఒక సర్వో (చుక్కానిలాంటివి తిప్పే చిన్న మోటారు) వచ్చేది.

అందుకని రెండు ఫ్లోట్లకూ 45 డిగ్రీల వాలుతో, కింది కొసలు లోపలివైపు ఉండేలా ఫాయిల్స్ (నీళ్లలో విమానం రెక్కల్లా పడవని పైకి ఎత్తే పలకలు) పెట్టాను. ఒక్కోటి 25 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు. చుక్కాని కింద తిరగేసిన టీ ఆకారంలో చిన్న రెక్క. గట్టి గాలికి పడవ ఇప్పుడు నిక్షేపంగా ఉంది. కానీ గాలి తగ్గితే, ఇదే అచ్చులో పోసిన మా ఫ్రెండ్ పడవ (ఫాయిల్స్ లేనిది) నన్ను దాటి టాటా చెప్పి వెళ్తోంది. ఇంతకీ ఇది లాభమా, మోజా? తాడు కట్టి లాగి కొలిస్తే తేలుతుందా?

ఉప్పునీళ్లు (విశాఖ):
మోజే. మొహమాటం లేకుండా చెప్తున్నా, ఏమనుకోకు నాయనా.

నేను కొలిచి చూశాను. ఇక్కడ తెలిసిన వాళ్ల ఫైబర్ బోటులో పక్కకు రెండున్నర మీటర్ల వెదురు కర్ర కట్టి, దాని చివర నుంచి మోడల్‌ని లాగించాను. అంత దూరం ఎందుకంటే బోటు లేపే అల మోడల్‌కి తగలకూడదు. తాడుకీ కర్రకీ మధ్య వేలాడే తూకం, వేగానికి ఫోన్‌లో జీపీఎస్. నా పడవా 4.5 కిలోలే, ఫాయిల్స్ నీవాటి కన్నా పెద్దవి. సెకనుకు 1.5 మీటర్ల దగ్గర ఫాయిల్స్ లేకుండా 240 గ్రాముల లాగుడు, పెడితే 310. సెకనుకు 3 మీటర్ల దగ్గర లేకుండా 750, పెడితే 640. అంకెలు ఊగుతూనే ఉంటాయి కాబట్టి ఇవి దగ్గర దగ్గర లెక్కలే. 2.5కి కాస్త అటూ ఇటూ రెండూ సమానం.

మన చెరువుల మీద పడవ ఎంతసేపు 2.5 దాటుతుంది? ఏడాదిలో నాలుగు ఆదివారాలు. మిగతా రోజులన్నీ బ్రేకు మీద కాలు పెట్టి బండి తోలడమే. మా బీచ్‌లో తెప్ప తోలే వాళ్లకు చూపిస్తే నవ్వారు. కాటమరాన్ అన్న మాట పుట్టిందే తమిళుల కట్టుమరం నుంచి, వాళ్లెవరూ దాని కింద కత్తులు కట్టలేదు.

నల్ల తెరచాప (బెంగళూరు):
ఉప్పునీళ్లు గారూ, తెప్పకి తెరచాప మోడల్‌కి పోలికేంటండీ! సమస్య ఫాయిల్స్‌ది కాదు, సగం సగం ఫాయిల్స్‌ది. ఎగరాలంటే పూర్తిగా ఎగరాలి. నీటిలో పూర్తిగా మునిగి ఉండే టీ ఫాయిల్స్ పెట్టండి, ముందు ఒక పుల్ల (వాండ్) నీటి మీద ఈడ్చుకుంటూ పోతూ ఫాయిల్ వెనక అంచున కదిలే ఫ్లాప్‌ని కదిలిస్తుంది. పడవ పైకి లేస్తే పుల్ల కిందికి వాలి లిఫ్ట్ (ఎత్తే బలం) తగ్గిస్తుంది, దిగితే పెంచుతుంది. 11 అడుగుల మాత్ డింగీలు (ఒక్కరే నడిపే తెరచాప పడవలు) ఈ పద్ధతితోనే ఎగిరాయి, 2005లో రోహన్ వీల్ వాటి పోటీల్లో ప్రపంచ చాంపియన్ అయింది ఫాయిల్స్ మీదే. శామ్ బ్రాడ్‌ఫీల్డ్ గీసిన రేవ్ ట్రైమరాన్‌లో అయితే ఇటూ అటూ రెండు ఫాయిల్స్‌కీ చెరో పుల్ల. గాలి వచ్చే వైపు ఫాయిల్ పడవని కిందికి లాగి పట్టుకుంటుంది కూడా. మోడల్‌లో మనిషి కూర్చుని బరువు మార్చలేడు కదా, ఆ పని ఫాయిలే చేస్తుంది. నేను సైకిల్ చువ్వతో పుల్ల చేశాను, ఆరు సెకన్లు ఎగిరింది.

ఉప్పునీళ్లు (విశాఖ):
ఆరు సెకన్లా. ఏడో సెకనులో ఏమైంది?

నల్ల తెరచాప (బెంగళూరు):
అది వేరే విషయం సార్ 😀 పుల్ల అల మీద ఎగిరి పడింది.

రెనాల్డ్స్ రావు (మెల్‌బోర్న్):
పేరు చూసి పెన్నులమ్మేవాణ్ణి అనుకోకండి, నా బాధంతా రెనాల్డ్స్ నంబర్‌తోనే. ఇక్కడ మాత్‌లు రోజూ కళ్లముందే తిరుగుతాయి కాబట్టి మోడల్‌కీ వాటికీ తేడా ఎక్కడుందో చెప్తాను.

ముందు లిఫ్ట్. వేగం సగమైతే లిఫ్ట్ నాలుగో వంతు అవుతుంది, మిగతా కథంతా దీన్నుంచే. 4.5 కిలోల పడవని సెకనుకు 3 మీటర్ల వేగంలో పూర్తిగా ఎత్తాలంటే, లిఫ్ట్ గుణకం (ఫాయిల్ ఆకారం, కోణం బట్టి మారే అంకె) 0.5 అనుకుంటే, దాదాపు 200 చదరపు సెం.మీ. ఫాయిల్ చాలు. 1.5 మీటర్ల దగ్గరే ఎత్తాలంటే 800 కావాలి. ఏ4 కాగితం కన్నా పెద్దది అది. దాన్ని ఈడ్చుకుంటూ ఏ పడవ పోతుంది? గాలివాటం తమ్ముడూ, నీ వాలు ఫాయిల్ ఒక్కొక్కటి 3 మీటర్ల దగ్గర 1.6 కిలోలు ఎత్తుతుంది, 1.5 దగ్గర 400 గ్రాములు. అంటే నీది ఎగిరే పడవ కాదు, ముక్కు కిందికి చెయ్యి పెట్టి పట్టుకునే పడవ. దాన్ని ఆ పనిని బట్టే చూడాలి.

ఇక రెనాల్డ్స్ నంబర్. ఫాయిల్ వేగం, వెడల్పు తగ్గితే తగ్గే అంకె ఇది; చిన్నదయ్యే కొద్దీ నీటి జిగట ప్రభావం ఎక్కువ. 4 సెం.మీ. వెడల్పు ఫాయిల్ సెకనుకు 3 మీటర్ల దగ్గర 1,20,000. గాలి తగ్గితే 60,000. మాత్ ఫాయిల్‌కి పది లక్షల చుట్టూ ఉంటుంది. వాళ్ల సెక్షన్‌ని (ఫాయిల్ అడ్డకోత ఆకారాన్ని) కుదించి అచ్చు వేస్తే మన దగ్గర అది వేరే వస్తువైపోతుంది. నీళ్లు పైభాగాన్ని మధ్యలోనే వదిలేస్తాయి, లిఫ్ట్ పోయి డ్రాగ్ (వెనక్కి పట్టే అడ్డు) మిగులుతుంది. ఎంఐటీలో మార్క్ డ్రేలా రాసిన ఎక్స్‌ఫాయిల్ (సెక్షన్ పనితీరు లెక్కకట్టే ప్రోగ్రామ్) ఉచితమే, అందులో 60,000 వేసి చూడండి. మందం తగ్గించి, వెనక అంచు పల్చగా తీసిన సెక్షన్లే బతుకుతాయి. ఆయనే రేడియోతో నడిపే మోడల్ గ్లైడర్ల కోసం గీసిన ఏజీ వరస సెక్షన్లతో మొదలుపెట్టొచ్చు, గ్లైడర్లదీ ఇదే రెనాల్డ్స్ కష్టం.

మూడోది, అమర్చే కోణం. 4 సెం.మీ. వెడల్పు మీద ఒక డిగ్రీ అంటే 0.7 మి.మీ. ఏటీఎం కార్డు మందం. ఆ ఒక్క డిగ్రీకి లిఫ్ట్ ఆరో వంతు దాకా మారిపోతుంది. గాలి తగ్గినప్పుడు నీ పడవ వెనకబడటానికి సగం కారణం ఎడమ ఫాయిల్, కుడి ఫాయిల్ ఒకే కోణంలో లేకపోవడమేనేమో. కొలిచావా?

గాలివాటం (హైదరాబాద్):
రావు గారూ, ఇంటికొచ్చి ఇదే చేశాను. పడవని డైనింగ్ టేబుల్ మీద బోర్లించి, ఫాయిల్ మీద స్కేలు పెట్టి, ఏటీఎం కార్డులు దూరుస్తూ కూర్చున్నా. కుడిది ఎడమ దాని కన్నా రెండు కార్డులు ఎక్కువ! ఇంట్లోవాళ్లు ఒక చూపు చూశారు. కారణం కూడా దొరికింది. ఫాయిల్ పట్టుకునే పెట్టె పీఎల్ఏ ప్లాస్టిక్ 3డీ ప్రింట్. మే నెలలో కారు డిక్కీలో వదిలేశా. 60 డిగ్రీల దగ్గర మెత్తబడే ప్లాస్టిక్ మన ఎండకి ఏమవ్వాలో అదే అయింది.

ఉప్పునీళ్లు (విశాఖ):
అది సరిచేసినా నా లెక్క మారదు. 240, 310.

రెనాల్డ్స్ రావు (మెల్‌బోర్న్):
మీ లెక్క తప్పనట్లేదు గురువు గారూ. తాడు ఎక్కడ కట్టారు?

ఉప్పునీళ్లు (విశాఖ):
ముక్కు దగ్గర, డెక్ మీద. ఇంకెక్కడ కడతారు?

రెనాల్డ్స్ రావు (మెల్‌బోర్న్):
అదీ విషయం. తెరచాప పడవని లాగేది డెక్ దగ్గర కాదు, మాస్ట్ (తెరచాప స్తంభం) మీద దాదాపు 80 సెం.మీ. ఎత్తున. మీ 750 గ్రాముల లాగుడు ఆ ఎత్తు నుంచి వస్తే ముక్కుని కిందికి తిప్పే బలం ఎంతంటే, 4.5 కిలోల పడవ బరువంతా 13 సెం.మీ. ముందుకు జరిపినట్టు. మీరు ఆ బరువు జరపకుండా కొలిచారు. ఫాయిల్ ఏ జబ్బుకి మందో ఆ జబ్బే లేని రోగికి ఇచ్చి, మందు దండగ అంటున్నారు.

ఇంకొకటి. నిజమైన గాలిలో పడవ నేరుగా పోదు, నాలుగైదు డిగ్రీలు పక్కకు జారుతుంది. కొస లోపలికి ఉన్న 45 డిగ్రీల ఫాయిల్‌కి ఆ జారుడులో 0.7 వంతు అదనపు కోణంగా వస్తుంది. అంటే గాలికి దిగువన ఉన్న ఫాయిల్ తనంతట తాను లిఫ్ట్ పెంచుకుంటుంది, ఎగువన ఉన్నది తగ్గించుకుంటుంది. 2009లో 500 మీటర్ల మీద 51.36 నాట్ల వేగం (గంటకు సుమారు 95 కి.మీ.) కొట్టిన ఫ్రెంచ్ పడవ ఎల్ హైడ్రోప్టేర్‌వి కూడా ఇలాంటి వాలు ఫాయిల్సే, పుల్లలు లేవు. నేరుగా లాగితే ఈ గుణం కనపడదు.

నల్ల తెరచాప (బెంగళూరు):
ఎల్ హైడ్రోప్టేర్ 60 అడుగుల పడవ సార్. మన వాలు ఫాయిల్ నీటి పైనుంచి గాలి పీల్చుకుందంటే లిఫ్ట్ టక్కున పోతుంది, పడవ ధబేల్. టీ ఫాయిల్ అడుగున ఉంటుంది కాబట్టి ఆ భయం తక్కువ.

రెనాల్డ్స్ రావు (మెల్‌బోర్న్):
నిజమే, గాలి పీల్చడం వాలు ఫాయిల్స్ పెద్ద రోగం. నీటి మట్టం దగ్గర ఫాయిల్ చుట్టూ చిన్న అడ్డుపలకలు పెడితే కొంత ఆగుతుంది. కానీ 1.2 సెం.మీ. ఫ్లాప్, దాని కీలు దగ్గర సందు, పుల్ల, కడ్డీ... ఇన్ని 60,000 రెనాల్డ్స్ దగ్గర పనిచేయించడం కూడా తేలిక కాదు. మీ ఆరు సెకన్లని తక్కువ చేయట్లేదు.

సర్వోమోటార్ (పుణె):
పుల్ల బదులు అల్ట్రాసోనిక్ సెన్సర్ (నీరు ఎంత దూరమో శబ్దంతో కొలిచేది), చిన్న జైరో (ఒరుగుడు పసిగట్టేది) పెట్టి ఫ్లాప్‌ని సర్వోతో తిప్పితే? బోర్డు నా దగ్గర ఉంది.

ఉప్పునీళ్లు (విశాఖ):
పోటీకి దిగేట్టయితే ముందు క్లాస్ నిబంధనలు చదువు బాబూ. ఇక పడవ ఒరిగితే నీ సెన్సర్ నీటిని కాదు, గట్టు మీద నన్ను చూస్తుంది.

గాలివాటం (హైదరాబాద్):
సరే, ఈ ఆదివారం రావు గారి పద్ధతిలో చేశాం. పెడల్ బోటుతో వేగం రాదు కాబట్టి తెలిసిన వాళ్ల మోటారు బోటు అడిగాం. వెదురు కర్రకి నిలువుగా ఇంకో కర్ర కట్టి, తాడు రెండు వైపులా ఒకే ఎత్తున, మోడల్ మాస్ట్ మీద 80 సెం.మీ. దగ్గర కట్టాం. పడవ పక్కలకి పరుగెడుతుంటే నేను రిమోట్‌తో చుక్కాని సరిచేస్తూ కూర్చున్నా. చెమటలు పట్టాయి.

ఫాయిల్స్ లేకుండా: వేగం పెరిగే కొద్దీ ముక్కు వంగుతూ వచ్చింది. మొదట ఫ్లోట్ ముక్కు మీద నీళ్లు పల్చగా పాకాయి, తర్వాత డెక్ మీదికి ఎక్కాయి, ఆ వెంటనే తూకం ముల్లు ఎగిరిపడింది. అరిచి బోటు ఆపించాను. ఇంకొక్క క్షణం ఆగితే పల్టీయే. ఫాయిల్స్ పెట్టి అదే వేగంలో లాగితే ముక్కు రెండు వేళ్ల ఎత్తున నిలబడింది. నీళ్లు నున్నగా చీలుతున్నాయి. నెమ్మది వేగంలో మాత్రం ఉప్పునీళ్లు గారి మాటే నిజం, ఫాయిల్స్‌తో లాగుడు ఎక్కువే ఉంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు: గుర్రపు డెక్క. తిరిగొచ్చేటప్పుడు ఒక తీగ కుడి ఫాయిల్‌కి చుట్టుకుంది. లాగుడు అమాంతం పెరిగి, పడవ పక్కకి గుంజేసింది. 45 డిగ్రీల వాలు ఉన్నా జారిపోలేదు, ఎందుకంటే పక్క నుంచి చూస్తే ఫాయిల్ నిటారుగానే ఉంది. కొసని కొంచెం వెనక్కి వాల్చితే జారుతుందేమో.

ఉప్పునీళ్లు (విశాఖ):
తాడు కట్టిన చోటు నా తప్పే, ఒప్పుకుంటున్నా. ఓడల యార్డులో ముప్పై ఏళ్లు చేసి ఇది తట్టకపోవడం సిగ్గుచేటు. కానీ ఎగిరే పడవ మోజు మోజే అంటాను. పల్టీ ఆపే ఫాయిల్ వేరు, ఎగిరే ఫాయిల్ వేరు. మొదటిదైతే ఇంకా చిన్నదిగా చెయ్యొచ్చు. గాలి లేని రోజు తీసి బ్యాగులో పడేసుకునేలా పెట్టె చెయ్యి, చిల్లు మూయడానికి ఒక మూత. పీఎల్ఏ వద్దు, కార్బన్‌తో చెయ్యి.

నల్ల తెరచాప (బెంగళూరు):
తీసేసే ఫాయిల్ అంటే ఓటమి ఒప్పుకోవడమే. నేను ఎగరేసే చూపిస్తా.

రెనాల్డ్స్ రావు (మెల్‌బోర్న్):
ఎగరేయండి, వీడియో పెట్టండి. ఏడో సెకనుతో సహా.

గురువు గారూ, ఒక్క అనుమానం. మీ 240, 310 ఏ తూకంతో తీశారు? లగేజీ తూకాలు చాలావరకు పది గ్రాముల మెట్లలో చూపిస్తాయి, అదీ ఊగుతుంటే...

ఉప్పునీళ్లు (విశాఖ):
లగేజీ తూకమే. అల్లుడి సూట్‌కేసు కోసం కొన్నది, 50 కిలోలది. ముల్లున్న చేపల తూకం ఒకటి మార్కెట్లో చూశాను, రెండు కిలోలది. అది తెచ్చి, మాస్ట్‌కి తాడు కట్టి, నెమ్మది వేగాలు మళ్లీ లాగిస్తా. గాలివాటం, నీ ఫాయిల్స్ కొరియర్ చెయ్యి, ఏ కోణంలో పెట్టావో కార్డుల లెక్కలో రాసి పంపు.