ఈ పగుళ్లు చిత్రకారుడివా, సముద్రపు గాలివా?

నైరూప్య తైలవర్ణ చిత్రాలను దగ్గరగా పరిశీలించిన అనుభవం ఉన్నవారు సాయం చేయగలరా? విశాఖ పెదవాల్తేరులోని మా ఇంట్లో మామయ్య నుంచి వచ్చిన పెద్ద కాన్వాసు ఒకటి ఉంది. సంతకం లేదు. 1950ల న్యూయార్క్‌లో డి కూనింగ్, పొలాక్ వంటి చిత్రకారులు నడిపిన ధోరణిలో వేసింది. బొమ్మంటూ ఏదీ లేదు, చేతి విసురు తప్ప.

దూరం నుంచి ఎరుపు, నలుపు కలబడుతున్నట్టు ఉంటుంది. టార్చిలైటును వాలుగా పట్టి భూతద్దంతో చూస్తే వేరే లోకం. ఎరుపు తడిగా ఉండగానే నలుపు లాగినట్టున్నారు, అంచుల్లో రెండూ కలిసిపోయాయి. కింది మూలలో మాత్రం కత్తితో గీకి అడుగున ఉన్న పసుపును బయటపెట్టారు.

నా చిక్కంతా మందంగా పూసిన నలుపులోని సన్నని పగుళ్లతోనే. నూనె రంగు నీటిలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అందుకే నూనె ఎక్కువున్న పొరపై తక్కువున్న పొర వేస్తే పైది పగులుతుందంటారు. ఇవి అలాంటివా, లేక ఇక్కడి తేమకు కాన్వాసు సాగి ముడుచుకోవడం వల్ల వచ్చినవా? పగుళ్ల తీరును బట్టి చెప్పవచ్చా?

నలుపు మీద తెల్లటి మసక కూడా ఉంది. అది బూజా, మరేదైనానా? తడిగుడ్డతో తుడిచేయమని చుట్టాల సలహా. వాళ్లను దరిదాపులకు రానివ్వడం లేదు. విశాఖలో ఇలాంటి చిత్రాల సంరక్షణ తెలిసినవారు ఉన్నారా? ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగంలో అడిగితే దారి చూపుతారా? వాలు వెలుతురులో తీసిన ఫొటోలు పంపగలను.