ప్లాటర్‌లో ఏ1 డ్రాయింగు కుడి అంచు తెగిపోతోంది, దారి చెప్పండి

నమస్కారం. బెంగళూరు పీణ్యలో యంత్ర భాగాల డ్రాయింగులు చూస్తుంటాను. డ్రాయింగు సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ నుంచి నెట్‌వర్క్ ప్లాటర్‌కు (పెద్ద షీట్ల ప్రింటర్‌కు) ఏ1 షీటు (841 × 594 మి.మీ.) 1:1 స్కేలులో పంపితే కుడి అంచున టైటిల్ బ్లాక్ (డ్రాయింగు వివరాల పట్టిక) తెగిపోతోంది. రివిజన్ నంబరు గడి సగమే పడుతోంది. అది కనబడకపోతే పాత కొలతలతో లోహం కోసేస్తారు, నా ఆందోళనంతా అదే. కాగితం రోలు 24 అంగుళాలది, వెడల్పుకు లోటు లేదు. అదే షీటును పీడీఎఫ్ చేసి పంపితే చక్కగా వస్తోంది. ‘ఫిట్ టు పేపర్’ పెడితే స్కేలు చెడుతుంది, మాకు పనికిరాదు. డ్రైవర్ మార్జిన్ల మీదే నాకు అనుమానం. పీసీ3 ఫైలులో (ఆటోక్యాడ్‌లో ప్లాటర్ సెట్టింగులుండే ఫైలు) ముద్రణ హద్దులు మార్చాలా, లేక ఇప్పుడు వాడుతున్న ప్రింట్ సర్వర్‌ను వదిలి ప్రతి కంప్యూటర్‌లోనూ ప్లాటర్ ఐపీ చిరునామాతో డ్రైవర్ వేయాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి.