మా ఫాదర్ గారు గురుత్వం వదిలేశారు, అమ్మకి ఎలా నచ్చజెప్పాలి?

అందరికీ నమస్కారం అండి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు, కేథలిక్కులం. మా విచారణలో (అంటే మా చర్చి పరిధిలో, పారిష్‌లో) ఆరేళ్లు ఉన్న ఫాదర్ గారు గురుత్వం, అంటే ఫాదర్‌గా ఉండటమే, వదిలేశారు, పెళ్లి చేసుకుంటారట. పూజ చివర బిషప్ గారి ఉత్తరం రెండు ముక్కల్లో చదివి ఊరుకున్నారు, అంతే.

గోదారి వరదకి లంకలో ఇళ్లు మునిగితే పడవ మీద బియ్యం తెచ్చినాయన, సాయంత్రమైతే కుర్రాళ్లతో వాలీబాల్ ఆడినాయన, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకి మమ్మల్నందర్నీ వెంటబెట్టుకుని తీసుకెళ్లినాయన. కోపం కూడా సరిగ్గా రావట్లేదు, అదో బాధ.

అసలు టెన్షన్ మా అమ్మతో. మా పాప జ్ఞానస్నానం, చెల్లి పెళ్లి ఆయనే జరిపించారు, ఇప్పుడవి చెల్లవేమోనని రాత్రిళ్లు నిద్రపోవట్లేదు. చెల్లుతాయమ్మా, సంస్కారం ఇచ్చేది క్రీస్తే, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) ఇలా వదిలేసిన గురువు కూడా వినొచ్చని చర్చి చట్టం 976వ నియమంలోనే ఉంది అని చెప్తే, "నువ్వేమన్నా బిషప్పువా" అంటుంది.

ఊళ్లో మతబోధ చేసే ఉపదేశి గారేమో ఆయన పేరే ఎత్తొద్దంటారు. కుర్రాళ్లు సగంమంది పూజకి రావట్లేదు. కొత్త ఫాదర్ గారు పాపం మంచాయనే, కానీ ప్రసంగం మొదలెట్టగానే అందరూ పోల్చేస్తున్నారు.

మీ ఊళ్లో ఇలా జరిగితే పెద్దవాళ్లకి ఎవరితో చెప్పించారు? ఇంకోటి, ఆయన పెళ్లికి పిలిస్తే వెళ్లొచ్చా? పోపు గారి నుంచి బ్రహ్మచర్యం మినహాయింపు రాకుండా చేసుకుంటే అది చర్చి లెక్కలో పెళ్లి కాదు కదా, వచ్చిందో లేదో ఆయన్నే అడగడం బాగుంటుందా? నంబరు నొక్కి రెండుసార్లు కట్ చేశాను.